డిప్యుటేషన్ మీద వెళ్లిన బ్యాటరీ

ఉలవలదిన్నె గ్రామ కార్యాలయంలో అందరికంటే ఎక్కువ పని చేసేది ఒక బ్యాటరీ. ఆ సంగతి దానికి తెలియదు. తెలిసుంటే అది కూడా కాస్త నెమ్మదించేదేమో.

చూడడానికి అర ఇటుకంత ఉంటుంది. ఇంజినీరింగ్ విభాగం వాళ్ల డ్రిల్లు మిషన్‌తో పాటు వచ్చింది. కార్యాలయం తెరిచిన కొత్తలో గోడలకు బోర్డులు బిగించాలి కదా, అందుకని డ్రిల్లు ఇచ్చారు. బోర్డులు బిగించడం అయిపోయాక వాటిని తీసేసి వేరే రంగు బోర్డులు బిగించమన్నారు. అవీ బిగించాక మళ్లీ పాత రంగువే మేలన్నారు. ఇలా ఆ గోడలకు ఉన్న కన్నాలన్నీ ఈ బ్యాటరీ పుణ్యమే.

అదే గదిలో, ఇంజినీరింగ్ సహాయకుడు తిప్పేస్వామి బల్లకు ఎదురు బల్ల గంగరత్నది. ఆమె పట్టు పరిశ్రమ సహాయకురాలు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. మీటింగుల్లో పేరు పిలిస్తే నోటితో పలకకుండా చెయ్యి ఎత్తేది. ఆ చెయ్యి కూడా భుజం దాటి పైకి లేచేది కాదు. రైతుల షెడ్లలో మాత్రం బాగానే మాట్లాడుతుంది. అక్కడ వినేవి పురుగులు కాబట్టి ధైర్యం అని తిప్పేస్వామి ఎగతాళి చేసేవాడు.

గంగరత్న మనసులో ఒక్కటే దిగులు, మారెక్క షెడ్డు. పోయిన పంటకు మారెక్క పెంచిన పట్టుపురుగులన్నీ తీరా గూళ్లు కట్టే వేళకు సున్నపుకట్టు రోగం వచ్చి సుద్దముక్కల్లా బిగుసుకుపోయాయి. పంటకూ పంటకూ మధ్య షెడ్డంతా మందు కొట్టి శుభ్రం చేస్తే ఆ రోగం రాదు. కానీ కొట్టడానికి కార్యాలయంలో ఉన్న వీపు మిషన్‌కు బ్యాటరీ చచ్చిపోయింది. కొత్తది కావాలని రాస్తే, పాతది చచ్చిపోయినట్టు ధ్రువీకరణ ఏదీ అని జవాబొచ్చింది.

"ఈసారి పురుగులు రాకముందే మందు కొట్టిస్తానక్కా" అని గంగరత్న మాటిచ్చింది.

"ఈసారీ పోతే మల్బరీ తోట పీకేసి ఊరు ఇడిసేదే పాపా. బిడ్డల్ని హాస్టల్లో ఏసి కూలికి పోతా" అంది మారెక్క. ఏడవలేదు. ఏడ్చి ఉంటే గంగరత్నకు కొంచెం తేలిగ్గా ఉండేది.

ఒకరోజు తిప్పేస్వామి డ్రిల్లు తుడుచుకుంటుంటే గంగరత్న ఆ బ్యాటరీ వైపు చూస్తూ నిలబడింది.

"ఏమ్మా, అట్ల సూస్తాన్నావు? దానికి పెళ్లి సంబంధమేమన్నా తెచ్చినావా?"

"అన్నా... ఇది మా మిషన్‌కు పెడితే పని చేస్తుందా?"

"తీగలు తగిలిచ్చి నేరుగా పెడితే మీ మోటారు మాడిపోతాది. ఇది ఎక్కువ వోల్టులది, మీది తక్కువది. మధ్యలో అడాప్టరు కావల్ల." తిప్పేస్వామి గడ్డం గోక్కున్నాడు. "టౌన్లో ఐటీఐ సారు ఉండాడు, ఆయన్ని అడుగుదాం."

ఐటీఐ సారు బ్యాటరీని విప్పనివ్వలేదు, లోపలి సెల్లుల జోలికి పోవద్దని గట్టిగా చెప్పాడు. బ్యాటరీ లోపలికి జరిగి కూర్చునే గూడు ఒకటి తెప్పించి, దానికి వోల్టులు తగ్గించే పెట్టె, బ్యాటరీ పక్కనే ఒక ఫ్యూజు, బ్యాటరీ మరీ దిగిపోకముందే కరెంటు ఆపేసే చిన్న స్విచ్చు అమర్చి ఇచ్చాడు. "డ్రిల్లులో ఉన్నప్పుడు డ్రిల్లే చూసుకుంటుంది. బయట పెడితే చూసుకునేవాళ్లు ఉండరు, అందుకని ఇది. చార్జింగ్ మాత్రం దాని సొంత చార్జరుతోనే. వేడిగా ఉన్నప్పుడు అసలు పెట్టొద్దు" అన్నాడు.

పై వీధిలో రెండు షెడ్లకు మందు కొట్టి చూశారు. బ్రహ్మాండంగా పని చేసింది. ఇక మూడోది మారెక్క షెడ్డు కావాలి. ఆ రోజు సాయంత్రమే తిప్పేస్వామికి ఒక కోరిక పుట్టింది. వీపు మీద మిషన్‌తో ఉన్న గంగరత్నను ఫొటో తీసి, పై అధికారులుండే వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

కష్టాలన్నీ ఆ ఫొటోతోనే మొదలయ్యాయి.

మరునాడే డివిజనల్ పర్యవేక్షణాధికారి చక్రధరం గారు వేంచేశారు. ఆయన రాకముందే ఆయన పూసుకున్న అత్తరు వచ్చింది. బ్యాటరీని చేతుల్లోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, మురిసిపోయారు.

"అద్భుతం! ఒకే వనరు, రెండు విభాగాలు! ఇదే కదా మనం కలలుగన్న సమన్వయం!"

అందరూ చప్పట్లు కొట్టారు. గంగరత్న తల దించుకుంది.

"అయితే" అన్నారు చక్రధరం గారు. కార్యాలయాల్లో మెచ్చుకోలు ఎప్పుడూ ఈ మాట దాకానే ఉంటుంది. "ఈ బ్యాటరీ మాతృశాఖ ఏది?"

"ఇంజినీరింగ్ సార్" అన్నాడు తిప్పేస్వామి.

"పని చేసినది?"

"పట్టు శాఖలో సార్."

"అంటే, మాతృశాఖ అనుమతి లేకుండా, రిలీవు కాకుండా, ఒక శాఖకు చెందినది ఇంకో శాఖలో విధులు నిర్వర్తించినది! ఇది సృజనాత్మకత కాదయ్యా, అరాచకము. మనిషికి ఒక నీతి, బ్యాటరీకి ఒక నీతి ఉండవచ్చునా? దీనిని నియమానుసారం డిప్యుటేషన్ మీద పంపవలెను."

తిప్పేస్వామి నవ్వబోయి, ఎవరూ నవ్వకపోవడం చూసి దగ్గాడు.

అలా ఉలవలదిన్నె బ్యాటరీ ప్రభుత్వోద్యోగి అయింది. దానికి సర్వీసు రిజిస్టరు తెరిచారు. మొదటి పేజీలో ఫొటో అంటించారు. ఎడమ చెవి కనిపించేలా తీయించమని రూలు ఉండడంతో మూడుసార్లు తీయించాల్సి వచ్చింది. గుర్తింపు చిహ్నాల దగ్గర "కుడి వైపున గీత, పచ్చరంగు దీపములు" అని రాశారు. పుట్టిన తేదీ దగ్గర పెద్ద చిక్కు వచ్చింది. బ్యాటరీ మీద ఉన్న తయారీ తేదీ ప్రకారం దాని వయసు రెండేళ్లు.

"మైనరు!" అని చక్రధరం గారు ఫోనులోనే లేచి నిలబడ్డారు. కుర్చీ కిర్రుమనడం ఇటువైపుకు వినిపించింది. "బాలకార్మిక నిషేధము వర్తించును."

ఆ చిక్కు తీరడానికి పశువైద్యుడు సంతకం పెట్టాల్సి వచ్చింది. మండలంలో పళ్లు చూసి వయసు చెప్పే అధికారం ఆయన ఒక్కడికే ఉంది. ఆయన బ్యాటరీకి ఉన్న ఇత్తడి రేకులు చూసి "పూర్తి వయసు వచ్చినది, పనికి యోగ్యము" అని రాసిచ్చాడు.

అన్నీ అయ్యాక బ్యాటరీని తిప్పేస్వామి బల్ల మీద నుంచి రిలీవు చేశారు. గంగరత్న బల్ల మీద చేర్చుకోబోతే, ఒక చోటి నుంచి ఇంకో చోటికి బదిలీ అయిన ఉద్యోగికి ప్రయాణ వ్యవధి ఇవ్వాలని పై నుంచి ఉత్తర్వు. రెండు బల్లల మధ్య ఒక స్టూలు వేసి, ఆ వ్యవధంతా బ్యాటరీని దాని మీద కూర్చోబెట్టారు. ఆ స్టూలు ఏ శాఖకూ చెందనిదై ఉండాలి కాబట్టి టీ కొట్టు నుంచి తెచ్చారు. పెన్షన్ కోసం వచ్చిన ముసలివాళ్లు అదేదో దేవుడి సామాను అనుకుని చెప్పులు విప్పి లోపలికి వచ్చారు.

"ఏమి పాపా, మా షెడ్డుకు ఎప్పుడొస్తావు?" అని మారెక్క వాకిట్లో నిలబడి అడిగింది.

"బ్యాటరీ ఇంకా చేరలేదక్కా."

"యాడికి పోయింది?"

గంగరత్న స్టూలు చూపించింది. మారెక్క స్టూలు వైపు చూసింది, గంగరత్న వైపు చూసింది, తర్వాత ఇంటిదారి పట్టింది.

బ్యాటరీ గంగరత్న బల్ల మీద చేరిన రోజునే మారెక్క షెడ్డుకు ముహూర్తం పెట్టారు. నియమానుసార సమన్వయాన్ని కళ్లారా చూడాలని చక్రధరం గారు కూడా వచ్చారు. గంగరత్న మిషన్ వీపుకెత్తుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని మందు కొట్టడం మొదలుపెట్టింది. ఒక గోడ సగం తడిసిందో లేదో, మిషన్ టక్కున ఆగిపోయింది.

విషయం చిన్నది. స్టూలు మీద ఉన్నన్నాళ్లూ బ్యాటరీని చార్జింగ్ పెట్టలేదు. చార్జరు మాతృశాఖ గోడకు ఉంది. డిప్యుటేషన్‌లో ఉన్న ఉద్యోగి మాతృశాఖకు వెళ్లాలంటే హెడ్‌క్వార్టర్స్ వదిలే అనుమతి కావాలి. గంగరత్న అర్జీ పెట్టింది. అది పరిశీలనలో ఉంది.

"ఎందుకు ఆగినది?" అన్నారు చక్రధరం గారు.

"చార్జింగ్ తగ్గింది సార్. మరీ దిగిపోతే సెల్లులు చెడిపోతాయి. అందుకే ఈ స్విచ్చు ముందే ఆపేస్తాది" అన్నాడు తిప్పేస్వామి.

"ఎవరి అనుమతితో ఆపును?"

"దానంతట అదే సార్."

చక్రధరం గారి ముఖం ఎర్రబడింది. "పై అధికారి సమక్షమున, విధి నిర్వహణ మధ్యలో, ముందస్తు సెలవు లేక, తనంతట తాను పని నిలిపివేసినది! ఇరవై ఏడేళ్ల సర్వీసులో నేనుగూడ ఇంత సాహసము చేయలేదు. ముందు ఆ స్విచ్చును తొలగించుము. కింది స్థాయిలో స్వయం నిర్ణయాధికారము పనికిరాదు."

"తీసేస్తే ప్రమాదం సార్" అంది గంగరత్న. ఆ మాట ముక్కుగుడ్డ దాటి బయటికి రాలేదు.

తిప్పేస్వామి మాత్రం స్విచ్చు చుట్టూ నల్లటేపు నాలుగు చుట్లు చుట్టి చూపించాడు. "కనపడ్డం లేదు సార్."

"కనపడకున్న లేనట్లే" అని చక్రధరం గారు శాంతించారు.

స్విచ్చు గండం అలా గడిచింది కానీ, బ్యాటరీకి సంజాయిషీ నోటీసు తప్పలేదు. అనధికార గైర్హాజరు, అధికారి పట్ల అవిధేయత అని రెండు అభియోగాలు. గడువులోగా బ్యాటరీ ఏ జవాబూ ఇవ్వలేదు. మౌనం అంగీకారమని నమోదు చేసి సస్పెండ్ చేశారు. సమీక్షా సంఘం కూర్చునే దాకా అది హెడ్‌క్వార్టర్స్ వదలరాదు. సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగికి జీవనభృతి కింద సగం జీతం ఇస్తారు కాబట్టి, బ్యాటరీని సగం వరకే చార్జింగ్ పెట్టాలని ఉత్తర్వులో వివరంగా రాశారు.

తిప్పేస్వామి ఆ ఉత్తర్వు చదివి ఐటీఐ సారుకు ఫోను చేశాడు. పని లేనప్పుడు ఇలాంటి బ్యాటరీలను సగం చార్జింగుతో చల్లని చోట ఉంచడమే అన్నింటికంటే మంచిదని ఆయన అన్నాడట. "సూడమ్మా, ఈ ఆఫీసులో దానికి తగిన మర్యాద సస్పెండయినాకనే దొరికింది" అన్నాడు తిప్పేస్వామి. గంగరత్నకు నవ్వు రాలేదు. గుడ్లు పొదిగించే చాకీ కేంద్రం నుంచి మారెక్కకు పిల్లపురుగులు వచ్చేది బేస్తవారం. అది మంగళవారం ఉదయం.

మధ్యాహ్నం మారెక్క వచ్చింది. ఈసారి వాకిట్లో ఆగలేదు.

"పాపా, నిజం చెప్పు. మా షెడ్డుకు మందు పడతాదా, పడదా?"

గంగరత్న అంతా చెప్పింది. డిప్యుటేషన్, స్టూలు, సంజాయిషీ, సమీక్షా సంఘం. ఎంత మెల్లగా చెప్పినా మారెక్క అన్నీ వింది.

"చేతిపంపు మిషన్ అయినా యాడన్నా తెస్తానక్కా" అంది చివరికి గంగరత్న.

"ఊర్లో ఒకటుండె. దాని గొట్టం పగిలి ఏడాదాయె. మీకు అర్జీ ఇచ్చినాం గదా." మారెక్క గదంతా కలయజూసింది. పెద్ద గది. కిటికీలకు జాలీలున్నాయి. నేల నున్నగా ఉంది. గాలి బాగా ఆడుతోంది. బల్లలు విశాలంగా, చాలావరకు ఖాళీగా ఉన్నాయి. "పాపా, ఇక్కడ రోగం గీగం ఏమన్నా ఉండాదా?"

"ఇక్కడ పురుగులు ఎప్పుడూ పెంచలేదు కదక్కా, ఏమీ ఉండదు."

"సరేలే" అని మారెక్క వెళ్లిపోయింది.

బేస్తవారం ఉదయం కార్యాలయం తాళం తీయగానే తట్టలు లోపలికి వచ్చాయి. మారెక్క, ఆమె తోడికోడలు, ఇద్దరు కూలీలు ఒక్కో బల్ల మీదున్న ఫైళ్లు తీసి నేల మీద పేర్చి, బల్లల మీద కాగితాలు పరిచి, తట్టలు దించారు. సన్నగా తరిగిన మల్బరీ ఆకు చల్లారు. కాసేపటికి గదంతా చిరువాన పడుతున్నట్టు చప్పుడు. వేల పురుగులు ఆకు తింటున్నాయి. ఆ గదిలో అంత శ్రద్ధగా పని జరగడం అదే మొదటిసారి.

"ఇదేంది మారెక్కా?" తిప్పేస్వామి తన కుర్చీ కోసం వెతుక్కుంటూ అడిగాడు.

"డిప్యుటేషన్ మీద వచ్చినాయి నాయనా. మీ బ్యాటరీ మా షెడ్డుకు రాలేకపాయె. మా పురుగులన్నా మీ ఆఫీసుకు రావల్ల గదా. మా షెడ్డుకు మందు పడి, ఆ వాసన పోయినాక తీసకపోతా. అందాక ఎవరూ దోమల బత్తీ ఎలిగించొద్దండి, సస్తాయి."

కబురందుకుని చక్రధరం గారు ఆగమేఘాల మీద వచ్చారు. అత్తరు గుమ్మం దాకా రాగానే మారెక్క చీపురు అడ్డం పెట్టింది.

"సారూ, ఆడే ఉండండి. సెంటు వాసనకు పురుగులు ఆకు ముట్టవు."

"ఇది నా కార్యాలయము!"

"మీ ఆఫీసే సారూ, కాదనలా. నా పురుగులు గదా."

చక్రధరం గారు గుమ్మం బయటే ఆగిపోయారు. అరుగు మీద నిలబడి, కిటికీ జాలీలోంచి లోపలికి చూస్తూ పరిపాలన సాగించారు.

"ఎవరి ఉత్తర్వు మీద ప్రవేశించినవి? ఒక్కొక్కదానికి చేరిక పత్రమున్నదా? ఎందరు?"

"వేలల్లో ఉంటాయి సారూ. మీరే పేర్లు రాసుకోండి."

"రాయించెదను! సర్వీసు రిజిస్టర్లు తెరిపించెదను! ప్రతిదానికి ఫొటో ఉండవలెను!"

"సార్..." అంది గంగరత్న. ఎవరూ వినలేదు. మళ్లీ అంది. ఈసారి తిప్పేస్వామి విన్నాడు. మూడోసారి ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "సార్, ఇంకో రెండు పూటలు పోతే ఇవి జ్వరానికి పోతాయి."

"జ్వరమా! ఐతే వైద్య ధ్రువపత్రము..."

"ఆ జ్వరం కాదు సార్, పాత చర్మం వదిలేయడం. వదిలాక వేరేగా ఉంటాయి. ఫొటో కలవదు."

చక్రధరం గారు రూళ్లను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. చర్మం వదిలే ఉద్యోగికి తగిన రూలు దొరకలేదు. లోపల మాత్రం ఆకు తింటున్న చప్పుడు ఆగలేదు. అరుగు కింద పెన్షన్ వాళ్లు, రేషన్ కార్డుల వాళ్లు, ఊరికే చూడ్డానికి వచ్చినవాళ్లు పోగయ్యారు.

"ఎప్పుడు ఖాళీ చేసెదరు?" ఆయన గొంతు కొంచెం దిగింది.

"మందు కొడితే" అంది మారెక్క.

"మందు కొట్టవలెనన్న బ్యాటరీ కావలెను. బ్యాటరీ కావలెనన్న సస్పెన్షను ఎత్తివేయవలెను. అది నా చేతిలో లేదు. సమీక్షా సంఘము కూర్చొనవలెను."

"ఎప్పుడు కూర్చుంటారు సారూ?"

"కోరము ఉన్నప్పుడు."

"కోరమంటే?"

"కూర్చొనువారు."

మారెక్క గంగరత్న వైపు తిరిగింది. తట్టలో ఆకు అయిపోయిన చోట పురుగులు తలలెత్తి గాలిలో వెతుకుతున్నాయి. మారెక్క చెయ్యి ఆకు బుట్టలోకి వెళ్లింది. బుట్టలో ఇంకా చాలా ఆకు ఉంది. ఆ ఆకు అయిపోయేలోగా, ఆ పురుగులు పెరిగి ఈ బల్లలకు పట్టనంత అయ్యేలోగా, ఎవరో ఒకరు లేవాలి. ఆ గదిలో కూర్చోవడం వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు.

గంగరత్న లేచింది. తిప్పేస్వామి బల్ల వెనక, చల్లని మూల, కిటికీ నీడలో బ్యాటరీ తన సస్పెన్షన్ కాలం గడుపుతోంది. దాన్ని తీసి చార్జరులో పెట్టింది.

"అమ్మాయీ, ఏమి చేయుచున్నావు?" చక్రధరం గారు జాలీకి ముఖం ఆనించి అడిగారు. "జీవనభృతి సగమే! సగము దాటరాదు! నీవింకను ప్రొబేషన్‌లో ఉన్నావు, గుర్తున్నదా?"

గంగరత్నకు గుర్తుంది. కానీ పచ్చదీపాలు ఒకటొకటిగా పైకి పాకుతుంటే, అవి సగం దగ్గర ఆగకుండా చివరి దాకా వెళ్లేవరకు పక్కనే నిలబడింది. అంతసేపూ చక్రధరం గారు రూళ్లు చెబుతూనే ఉన్నారు. చివరికి ఎండకు తాళలేక ఒక రేషన్ కార్డు ముసలామె ఇచ్చిన గొడుగు కింద చేరారు.

చార్జింగ్ నిండింది. గంగరత్న బ్యాటరీ మీద చెయ్యి పెట్టి చూసింది. వేడి లేదు. అడాప్టరు గూట్లోకి జరిపితే టక్కున కూర్చుంది. మందు కలిపిన వీపు మిషన్‌ను తిప్పేస్వామి లేపి పట్టుకుంటే పట్టీల్లో చేతులు దూర్చింది. ముక్కుకు గుడ్డ కట్టుకోబోయి, ముందు చెప్పవలసింది ఒకటి ఉందని ఆగింది.

"బ్యాటరీ విధుల్లో చేరింది సార్" అంది.

చక్రధరం గారు గొడుగు పక్కకు జరిపారు. ఆయన ముఖంలో కోపం వచ్చి, ఎక్కడ నిలవాలో తెలియక తిరిగి వెళ్లిపోయింది. చేరింది అన్న మాట చెవిన పడితే ఇన్నేళ్ల అలవాటు ఊరుకోదు. చేయి దానంతట అదే జేబులోని పెన్ను మీదికి పోయింది.

గంగరత్న అప్పటికే మెట్లు దిగి, జనం దారివ్వగా మారెక్క షెడ్డు వైపు నడుస్తోంది.

"ఆగుము! చేరిక పత్రములో ఏమని వ్రాయవలెను?" అని వెనకనుంచి చక్రధరం గారు కేక వేశారు. "పూర్వాహ్నమా, అపరాహ్నమా?"

గంగరత్న వెనక్కి తిరగలేదు.

"పురుగులు ఆకు తినే యాళ అని రాసుకోండి సార్!" అంది, వీధి చివరి ఇంటివాళ్లకు కూడా వినిపించేలా.